ఎవరికి చెప్పి పోవాల

"ఎప్పుడు చెప్పినావు?"

శోభారాణి ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి 'నాగవేణక్కా' అని పిలిచి అడిగింది. రెండోసారికి అక్క పోయి నాగవేణి మిగిలింది. ఈసారి ఆ పేరు కూడా లేదు.

నాగవేణి పాపను చంకనేసుకుని వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఇడ్లీ గిన్నె. జాహ్నవి మూతి నిండా చట్నీ. తుడుద్దామని చేయి లేస్తోంది గానీ, ఇప్పుడు అది కూడా ఒక తప్పవుతుందేమోనని ఆగిపోయింది.

"చెప్పినానమ్మా. నెల దాటింది. పెద్దమ్మకు చెప్పినాను."

"ఏ పెద్దమ్మకు?"

"పుంగనూరు పెద్దమ్మకు. మీ అత్తమ్మకు."

శోభారాణి కుర్చీ లాక్కుని కూలబడింది. సోమవారం పొద్దున కుప్పంలో పట్టు పరిశ్రమ శాఖ ఆఫీసులో ప్రమోషన్ మీద చేరవలసిన మనిషి. అక్కడ ఇల్లు చూసింది, గ్యాస్ మార్పించింది, పాపకొకటి, పాపను చూసుకునే నాగవేణికొకటి మంచాలు కూడా వేయించింది. మదనపల్లెలో టమాటా మండీ వదిలి మొగుడు రాలేడు కాబట్టి, శనాదివారాలు తనే వచ్చిపోయేలా ఒప్పందం. అన్నీ కుదిరాయనుకుని నిశ్చింతగా ఉంటే, ఈ శుక్రవారం పొద్దున ఇడ్లీ తింటూ రెండున్నరేళ్ల కూతురు తీరిగ్గా చెప్పింది.

"వేణమ్మ రేపు ఊరికి పోతాది. గొర్రిపిల్లల కాడికి. మల్లా రాదు."

ఇంట్లో జరిగేదేదో ఇల్లాలికి పాలపళ్ల నోట తెలియాల్సిన గతి పట్టింది. దాని మంట మామూలుగా ఉంటుందా?

"మా అత్తకు చెప్పినావు. పాపకు చెప్పినావు. దీనికి తల్లిని నేను. నాకు యాల చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు జవాబు నాగవేణికి ఎంత తేలికంటే, దాన్ని ఒకరికి విప్పి చెప్పాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తంబళ్లపల్లె అవతల వాళ్ల పల్లెలో మంద కాయడానికి మనిషిని పెట్టుకుంటే, ఆకూ వక్కా చేతిలో పెట్టి పెట్టుకుంటారు. పని మానేటప్పుడు, ఆ ఆకువక్క ఇచ్చిన మనిషి ముందరే నిలబడి చెప్పాలి. అంతకుముందు ఇంకో చెవిన వేస్తే, పెట్టిన మనిషిని లెక్కచేయనట్టు. అట్లా చేసినవాడిని మళ్లీ ఏ ఇంటి దొడ్డికీ రానివ్వరు.

"నన్ను తెచ్చింది పెద్దమ్మ గదమ్మా," అంది నాగవేణి. "పాపకు మూడో నెల. పుంగనూరింట్లో నా చేతిలో ఆకువక్క పెట్టింది ఆయమ్మే. ఆయమ్మకు చెప్పకుండా మీకు ముందు చెప్పేది మర్యాద కాదని..."

"మర్యాద." శోభారాణి ఆ మాటను పుల్లటి మజ్జిగ మింగినట్టు మింగింది. "ఇదేమన్నా గొర్రెల మందా, ఆకువక్కలూ మర్యాదలూ? నా బిడ్డ ఇది."

గొర్రెలంటే అంత చులకనేమిటో నాగవేణికి అర్థం కాలేదు. 

"ఎప్పుడు పోయినావు పుంగనూరికి?"

"పోయిన నెల మొదటి ఆదివారం. మీరు కుప్పంలో ఇల్లు సూసేదానికి పోయినారే, ఆ పొద్దే. పాపనెత్తుకుని పోయినాను. మీ ఇంటాయన కిరణప్పే బస్సెక్కించినాడు. నా జాగాలో మనిషిని గూడా సూసిపెట్టినానని చెప్పినాను. పెద్దపంజాణి శాంతకుమారిని. మంచి మనిషి, ఇద్దరు బిడ్డల్ని సాకింది. పెద్దమ్మ అంతా వినింది. 'సరేలే, కోడలు పనుల్లో ఉండాది, నేను సమయం సూసి చెప్తా, నువ్వు నోరెత్తొద్దు' అనింది."

"నోరెత్తకుండా ఉంటివి."

"ఉంటి."

ఆ నోరెత్తకపోవడమే ఇంత పని చేసింది. నెల రోజులుగా శోభారాణి ట్రాన్స్‌ఫర్ కాగితాల గొడవలో పడి ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదు. నాగవేణి దాన్ని కోపమనుకుంది. పోతానన్న మనిషి మీద అమ్మకు అలకొచ్చిందిలే, అదే తీరుతుందిలే అనుకుంది. కుప్పంలో ఆయాకు మంచం వేయించానని శోభారాణి చెప్పిన రోజు, ఆ మంచం శాంతకుమారికనే అనుకుని లోపల్లోపల సంతోషపడింది కూడా. రేపు ఒక్కసారిగా మాయమైతే పాప బెంగపెట్టుకుంటుందని పది రోజుల నుంచి ఉగ్గుపాలు పట్టినట్టు కొంచెం కొంచెం చెప్పుకొస్తోంది. అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"రేపు పోకపోతే ఏమయితాది?" అంది శోభారాణి. గొంతు కాస్త దిగింది. "ఒక నెల ఆగలేవా?"

"మంద అమ్మేస్తాడమ్మా మా మామ."

నాగవేణి మామ కదిరప్పకు డెబ్బై దాటాయి. మొగుడు హనుమంతు పోయేనాటికి పదకొండు గొర్రెలుండేవి. వాటిని మామకప్పగించి ఈమె మదనపల్లె వచ్చింది. ఇక్కడ సంపాదించిందంతా గొర్రిపిల్లలుగా మారి ఊరికి పోయింది. పదకొండు ముప్పై నాలుగయ్యాయి. ఎండాకాలంలో కదిరప్ప మోకాలు జారింది. కట్టె పట్టుకుని మంద వెనక కుంటుతున్నాడు. 'శనివారం దాకా సూస్తానమ్మయా, నువ్వొస్తే సరి, రాకపోతే యాపారికి చెప్పేస్తా, నాకు చేత కాదు' అని నెల కిందటే, ఈ శనివారానికి గడువు పెట్టి ఖరాఖండీగా చెప్పాడు. ఒకరి ఇంట్లో ఒకరి బిడ్డను ఎత్తుకుని బతికే బతుకు చాలించి, తన మంద వెనక తను నడవాలని నాగవేణికి ఎన్నాళ్ల నుంచో ఉంది. ఆ ముప్పై నాలుగూ పోతే, మళ్లీ పదకొండు దగ్గరికి రావడానికి కూడా వయసు చాలదు.

శోభారాణి అంతా విన్నది. విని, అనకూడని మాట అనేసింది.

"పాపకంటే గొర్రెలెక్కువైనాయా నీకు?"

"పాప మీదమ్మా," అంది నాగవేణి. "అవి నావి."

జాహ్నవి తన మూతి తనే నాగవేణి పైటకు తుడుచుకుంది. శోభారాణి ఫోన్ తీసి అత్తగారికి చేసింది. "ఉన్నపళంగా రండి" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

*

పుంగనూరు నుంచి విజయమ్మ పదకొండు గంటలకు దిగింది. చేతిలో మామిడిపండ్ల సంచి, చంకలో ఇంకో ఖాళీ సంచి. ఆ వెనకే కిరణ్ కుమార్ మండీ నుంచి వచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి పోయినవాడు, చొక్కా నిండా టమాటా మరకలు. ఇంట్లో నిప్పు రాజుకుందని గుమ్మంలోనే తెలిసిపోయింది. చెప్పులు విడిచి, సోఫాలో ఓ మూలకు ఒదిగి, ఫోన్‌లో తల పెట్టేశాడు.

"అత్తమ్మా," అంది శోభారాణి. "నాగవేణి పని మానుకుంటానని నెల కిందట మీకు చెప్పిందంట. నిజమేనా?"

విజయమ్మ మామిడిపండ్లు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెట్టింది.

"నాతోనా?"

నాగవేణి తలెత్తింది.

"నాతో ఎప్పుడు చెప్పినావే?" అని విజయమ్మ ఆమెనే అడిగింది. "ఊరికి పోవాల్నని ఏందో గొణిగినట్టుంది. పండగకో, జాతరకో అనుకుంటి. పని మానేదని నువ్వెప్పుడు చెప్పినావు?"

ఎదుటి మనిషి అబద్ధమాడుతుంటే కాదని చెప్పడం ఎంత కష్టమో నాగవేణికి ఆ క్షణంలో తెలిసింది. తన చేతిలో ఆకువక్క పెట్టిన చేయి, కాళ్లకు దండం పెడితే లేవదీసిన చేయి, ఇప్పుడు తాపీగా మామిడిపండు ముచ్చిక తుంచుతోంది.

"పెద్దమ్మా, మీ ఇంటి నడవలో నిలబడి చెప్పినాను. మీరు చిక్కుడుకాయలు వొలస్తా ఉండారు."

"వొలస్తా ఉంటానేమో. అయితే?"

"శాంతకుమారి సంగతి గూడా చెప్పినాను."

"ఏ శాంతకుమారి?"

శోభారాణి మొగుడి వైపు చూసింది. "మీరేమన్నా విన్నారా?"

కిరణ్ కుమార్ ఫోన్‌లోంచి తల తీయలేదు. "నేను పొద్దున నాలుగింటికి పోతే మధ్యాహ్నానికి వస్తాను. ఇంట్లో ఆడోళ్ల మాటలు నాకేం తెలుస్తాయి?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెళ్లయిన నాటి నుంచి కిరణ్ కుమార్ ఆ రెంటి నడుమ బతకడం నేర్చుకున్నాడు. ఇద్దరి ముందరా నోరు మూసుకుంటే ఇద్దరికీ మంచివాడవుతాడని అతని నమ్మకం.

"సరేలే, జరిగిందేదో జరిగింది," అంది విజయమ్మ, జాహ్నవిని ఒళ్లోకి లాక్కుంటూ. "పోయేదాన్ని పట్టుకుని ఆపుతామా? పాపను నేను తీసుకుపోతా పుంగనూరికి. శోభా, నువ్వు నిమ్మళంగా కుప్పం పోయి నీ ఉద్యోగం నువ్వు చేసుకో. ఆదివారమాదివారం వచ్చి చూసుకో."

పాప ఆమె ఒళ్లో నిలవలేదు. జారి దిగి, పరుగెత్తుకొచ్చి నాగవేణి కుచ్చిళ్లు పట్టుకుంది.

విజయమ్మ ముఖంలో ఏదో ముడుచుకుపోవడం నాగవేణి చూసింది. శోభారాణి మాత్రం ఆ ఖాళీ సంచినే చూస్తోంది.

"ఆ సంచెందుకు తెచ్చినారు అత్తమ్మా?"

"ఏ సంచి?"

"నేను రమ్మన్నానే గానీ, ఎందుకో చెప్పలేదు. మీరు పాప బట్టలకు సంచి తెచ్చుకున్నారు."

విజయమ్మ సంచి మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. కిరణ్ కుమార్ వేలు ఫోన్ మీద కదలడం మానేసింది.

"శాంతకుమారి నంబరుందా నీ దగ్గర?" అంది శోభారాణి నాగవేణితో.

"ఉండాదమ్మా."

"చెయ్యి."

నాగవేణి ఫోన్‌కు చెవి దగ్గర వినపడేది ఎప్పుడో చెడిపోయింది. ఎవరితో మాట్లాడినా స్పీకర్ పెట్టాల్సిందే, ఇల్లంతా వినాల్సిందే. రెండు రింగులకే అవతల గొంతు పలికింది.

"ఏం నాగవేణక్కా, బాగుండావా?"

"బాగుండా శాంతా. రేపు నువ్వు వస్తావు గదా? అమ్మ అడుగుతాండాది."

"యాడికి రావాల? వద్దనిరి గదక్కా."

"ఎవరు వద్దనింది?"

"మీ పెద్దమ్మే. పది దినాలయింది. పుంగనూరు బస్టాండులో కనపడింది. 'నువ్వు రాబల్లేదు, మనవరాలు నా తావనే ఉంటాది, ఆయా అవసరం లేదు' అనింది. నీకు చెప్పలేదా? నేను ఈడ ఇంకో ఇంట్లో ఒప్పుకున్నానే."

నాగవేణి ఫోన్ పెట్టేసింది. తన మాట నిజమని తేలినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. పెద్దమనిషి నలుగురి ముందర తల దించుకోవడం చూడలేక తన తలే తిప్పుకుంది.

కానీ విజయమ్మ తల దించుకోలేదు.

"అవును, నేనే వద్దన్నా," అంది. "దాంట్లో తప్పేముంది? నా మనవరాలు. అప్పుడు నా కంటికి ఆపరేషనయ్యి చేతకాక మనిషిని పెడితిని. ఇప్పుడు నాకు కండ్లు బాగుండాయి, కాళ్లు బాగుండాయి. నన్నడిగినారా ఎవురన్నా? కుప్పంలో ఇల్లు సూస్తిరి, మంచాలు ఏపిస్తిరి. జేజి అని ఒకతె ఉండాదని మీకు గుర్తుకొచ్చిందా? పాపకు జరమొస్తే దీనికి తెలుస్తాది, పల్లొస్తే దీనికి తెలుస్తాది. నేనొస్తే నన్ను సూసి ఏడుస్తాది బిడ్డ. సొంత మనవరాలు నన్ను సూసి ఏడిస్తే నాకెట్లుంటాదో నీకు తెలుసునా?"

చివరి మాటకు గొంతు పగిలింది.

"నన్ను అడిగుంటే సరిపోయేది కదా అత్తమ్మా," అంది శోభారాణి. "అడిగుంటే నేను కాదన్నా, మీరు పోట్లాడినా, అదొక దారి. నెల రోజులు నన్ను గుడ్డిదాన్ని చేసి, సోమవారం నేను ఉద్యోగంలో చేరాల్సి ఉండగా, శుక్రవారం సంచితో వస్తారా?"

"అడిగితే నువ్వు ఇస్తావా?"

"ఇయ్యను."

"అందుకే అడగలా."

ఇద్దరూ నిజమే చెప్పారు. గోడ గడియారం పన్నెండు కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది.

శోభారాణి లేచి నాగవేణి దగ్గరికి వచ్చింది. పాప తల మీద చేయి వేసింది గానీ, మాట నాగవేణితోనే.

"అక్కా, నన్ను క్షమించు. పొద్దున నోటికొచ్చినట్టు అన్నాను. నువ్వు చెప్పాల్సిన చోట చెప్పినావు, చెప్పాల్సిన మనిషి నాకు చెప్పలేదు. అది నీ తప్పు కాదు. ఒక్క పది రోజులు నాతో కుప్పం రా. ఆ లోపల ఇంకో మనిషిని చూసుకుంటాను. పదకొండో రోజు నేనే నిన్ను మీ ఊర్లో దింపుతా. మీ మామను నేనూ బతిమాలతా."

ఆ 'అక్కా' పిలుపుకే నాగవేణి సగం కరిగింది. పది రోజులేగదా. మామ తిడతాడు, గొణుగుతాడు, చివరికి ఆగుతాడు. ఇన్నాళ్లు ఆగిన మనిషి పది రోజులు ఆగలేడా? పాపకు కొత్త చోటు అలవాటు చేసి, కొత్త మనిషి చేతిలో పెట్టి పోతే, తన మనసుకు కూడా బాగుంటుంది.

"అడుగుతానుండమ్మా," అంది. కదిరప్పకు ఫోన్ కలిపింది.

కిరణ్ కుమార్ సోఫాలోంచి లేచాడు. "ఇప్పుడెందుకు? సాయంత్రం చేద్దువులే. ఎండన పడి మంద వెనక పోయుంటాడు ముసలాయన."

అప్పటికే అవతల ఎత్తారు. గొర్రెల అరుపులు, వాటి మధ్య కదిరప్ప దగ్గు.

"మామా, నేనే. మంద యాడుండాది?"

"దొడ్లోనే ఉండాయమ్మయా. టెంపో వచ్చుండాది."

"ఏం టెంపో?"

"యాపారోళ్ల టెంపో. సంగటి తింటాండారు. తిని ఎక్కిస్తారు."

నాగవేణి పాపను చంకనేసుకుని గట్టిగా పట్టుకుంది. "ఈ పొద్దు శుక్రవారమే గదా మామా. శనివారం దాకా ఆగుతానంటివే."

"ఎవురి కోసం ఆగాల? నువ్వు రానని చెప్పి పంపిస్తివి గదా. మొన్న బుధవారం ఆయప్ప ఫోన్ జేసి చెప్పినాడు."

"ఏ ఆయప్ప?"

"పాప నాయన. మీ మండీ ఆయన. 'నాగవేణి మాతో కుప్పం పోతాండాది, రెండేండ్లు రాదు, నీకు చెప్పేదానికి మొగమాటపడతాండాది, మందను నువ్వు ఏమన్నా చేసుకో' అనినాడు. నాకు కడుపు రగిలిపోయింది. ఆ మాట నీ నోటితో చెప్పింటే ఏం పోయింటాదమ్మయా? నేను పరాయోడినా?"

ఆ మాట స్పీకర్‌లోంచి వచ్చి హాలంతా నిలిచింది.

అందరికంటే ముందు విజయమ్మ కొడుకు వైపు తిరిగింది. తల్లి తనదొక ఎత్తు వేసుకుంటే, దాని కింద కొడుకు ఇంకో ఎత్తు వేశాడు. ఆయా పోవాలని ఆమె నోరు మూసుకుంది. ఆయా పోకూడదని ఇతను నోరు తెరిచాడు. అదీ ఎవరికీ వినపడని చోట.

"మీకు తెలుసు," అంది శోభారాణి మొగుడితో. "నెల నుంచీ తెలుసు."

"అమ్మ చెప్పింది," అన్నాడు కిరణ్ కుమార్. ముఖం కడుక్కోని మనిషిలా ఉన్నాడు. "నీకు చెప్తే నువ్వు అమ్మ మీద పడతావు. ఇట్లా చేయొద్దని అమ్మతో అంటే అమ్మ నా మీద పడుతుంది. మంద లేకపోతే ఈమె పోదు, నీతో కుప్పం వస్తుంది, అందరూ బాగుంటారు అనుకున్నా. ముసలాయన ఎట్లాగూ అమ్మేవాడే కదా. నేనేం చెడు చేసినాను?"

పొమ్మనలేక పొగబెట్టేవాళ్లను విన్నాం. ఉండమని అడగడానికి మొహం చెల్లక మనిషి కొంపే ఆర్పేవాడు ఇతనొక్కడే.

నాగవేణికి కోపం వచ్చింది. జీవితంలో ఆమెకు అంత కోపం ఒక్కసారే వచ్చింది, మొగుడు పోయిన రోజు, దేవుడి మీద. ఈ ఇంట్లో ఎవరి మీదా రాగలదని ఆమె అనుకోలేదు. ఆ ఫోన్ నంబరు ఇతనికి ఎట్లా వచ్చిందో గుర్తొచ్చింది. తన ఫోన్‌లో డబ్బు అయిపోయిన రోజుల్లో "నా ఫోన్‌లోంచి చేసుకోక్కా" అని ప్రేమగా ఇచ్చింది అతనే.

"మామా, నేను అట్లా చెప్పమన్లేదు. ఆ మాట నాది కాదు. ఎక్కించొద్దు."

"ఎక్కించొద్దంటే ఎట్లమ్మయా? మాట ఇచ్చేసినా."

"నేను చెప్తాను ఆయనతో," అని కిరణ్ కుమార్ చేయి చాచాడు.

"ఆయప్పతో నాకు మాటలొద్దు," అంది స్పీకర్‌లోంచి కదిరప్ప గొంతు. "ఒకసారి చెప్పినాడు, సాలు. నువ్వు వచ్చి యాపారోడి ముందర నిలబడి, ఇవి నావి, ఇయ్యనని నీ నోటితో చెప్పు. రెండు గంటల దాకా ఏదో ఒకటి చెప్పి ఆపుతా. ఆ మీద నా చేతిలో లేదు."

ఫోన్ ఆగింది.

తంబళ్లపల్లె బస్సు పన్నెండున్నరకు. అది ఊరూరా ఆగుతూ పోయి, దిగినాక ఇంకా నడక. రెండు లోపల చేరడం కష్టం. అది నాగవేణి లెక్క వేసుకునేలోపే శోభారాణి గోడ మేకు మీది స్కూటర్ తాళం తీసింది.

"పద అక్కా. నేను దింపుతా. గంటలో ఉంటాం."

"పోయి రాండి," అంది విజయమ్మ లేస్తూ. "పాప నా తావ ఉంటాది. మీరొచ్చేసరికి పొద్దు వాలుతాది, మేము మూడింటి బస్సుకు పుంగనూరు పోతాము."

శోభారాణి అడుగు గడప మీద ఆగింది. తాళం పిడికిట్లో అట్లాగే ఉంది.

"మీరెక్కడికీ పోరు అత్తమ్మా. నేను వచ్చేదాకా పాప ఈ ఇంట్లోనే ఉంటుంది."

"నువ్వు నమ్మేదానివి కాదులే నన్ను."

"ఎట్లా నమ్మేది?"

విజయమ్మ నాగవేణి దగ్గరికి వచ్చి పాప కోసం రెండు చేతులూ చాచింది. శోభారాణి కూడా గడప మీంచి వెనక్కి వచ్చి చేతులు చాచింది. జాహ్నవి ఇద్దరినీ చూసింది. చూసి, రెండు చేతులతో నాగవేణి మెడ గట్టిగా వాటేసుకుని, ముఖం భుజంలో దాచుకుంది.

తల్లికిస్తే, ఆమె పాపను పట్టుకుని ఇక్కడే ఆగిపోతుంది. స్కూటర్ కదలదు, మంద పోతుంది. జేజికిస్తే తన మంద దక్కుతుంది, సాయంత్రానికి ఈ తల్లికి బిడ్డ ఇంట్లో ఉండదు. పాపను కూడా స్కూటర్ మీద ఎక్కించుకుంటే, బిడ్డను ఎత్తుకుపోయారని విజయమ్మ వీధిలో నిలబడి గోల చేస్తుంది. అత్తాకోడళ్లు మళ్లీ ఒకే ఇంట్లో అన్నం తినరు. రెండేళ్లుగా ఈ బిడ్డకు పాలెప్పుడు, నిద్రెప్పుడు, ఎండలోకెప్పుడు అన్నీ తనే తేల్చింది. ఇది మాత్రం తను తేల్చేది కాదని నాగవేణికి తెలుసు.

గడియారం పన్నెండు దాటింది.

ఆమె తలుపు దగ్గర నుంచి తిరిగి, సోఫా మూలకు నడిచి, కిరణ్ కుమార్ ఎదురుగా నిలబడింది.

"ఎవురి చేతికియ్యాల్నో నువ్వు చెప్పు కిరణప్పా," అంది. "నా ఎనకాల నా మాట నువ్వే చెప్పినావు. ఈ మాటన్నా అందరి ముందర చెప్పు."

ముగ్గురు ఆడవాళ్లూ అతని వైపే చూస్తున్నారు. కిరణ్ కుమార్ తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. అలవాటు చొప్పున అతని చేయి జేబులో ఫోన్ కోసం వెతికింది.